చేతిలో ఆట, గోడమీద తెర

(కమ్యూనిటీ రేడియో శ్రోతల కోసం సౌదీ అరేబియాలోని హుఫూఫ్ నుంచి రికార్డు చేసి పంపిన ప్రసంగానికి అక్షరరూపం ఇది. మాట్లాడిన ధోరణిని మార్చకుండా అలాగే ఉంచాం.)



నేను హుఫూఫ్ నుంచి మాట్లాడుతున్నానండీ. ఈ పేరు మీలో చాలామంది విని ఉండకపోవచ్చు. సౌదీ అనగానే రియాద్, జెద్దా, దమ్మాం అంటారు. దమ్మాం నుంచి రియాద్ వెళ్ళే రైలెక్కితే దారిలో ఆగే పెద్ద ఊరు మాది. అల్ అహ్సా అనే ఒయాసిస్సుకు ఇదే ముఖ్యమైన పట్టణం. చుట్టూ ఎడారి, నడుమ లక్షల కొద్దీ ఖర్జూరపు చెట్లు. 2018లో యునెస్కో వాళ్ళు ఈ ఒయాసిస్సును ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చారు. చదివింది ఎమ్‌సీఏ, చేసేది కంపెనీలకు కంప్యూటర్ల విషయంలో సలహాలివ్వడం. అయితే మా బిల్డింగులో తెలుగువాళ్ళెవరూ నన్ను ఆ పనికి పిలవరు. "టీవీలో బొమ్మ రావట్లేదు, ఒకసారి చూస్తారా?" అని పిలుస్తారు!

ఇవాళ్టి విషయం కూడా అదే. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ యంత్రాన్ని టీవీకి కలపడం ఎలా? ఏది కలుస్తుంది, ఏది కలవదు? గల్ఫ్ నుంచి అన్నయ్యో, బావగారో తెచ్చిన గేమ్ మీ ఇంట్లో ఉంటే ఇది మీకు పనికొస్తుంది. కొనబోయేవాళ్ళకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే ఇందులో డబ్బు పోవడం చాలా తేలిక.

ముందు ఒక సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను.

2019 చివర్లో మా పక్క ఫ్లాటులో ఒక కుటుంబం ఉండేది. జగిత్యాల వాళ్ళు. ఆయన ఒక కంపెనీలో లెక్కలు చూసేవాడు. నాకంటే ఐదారేళ్ళు పెద్ద, నన్ను తమ్మీ అనేవాడు. భార్య, ఇద్దరు పిల్లలు. సౌదీలో 2017 జూలై నుంచి విదేశీ ఉద్యోగుల కుటుంబసభ్యుల మీద ఒక రుసుము పెట్టారు. మొదటి ఏడాది మనిషికి నెలకు 100 రియాళ్ళు. ఆ తర్వాత ఏటా ఇంకో వంద చొప్పున పెరుగుతూ పోయింది. 2019 జూలైకి 300 అయింది. మా పక్కింటాయనకు భార్యా పిల్లలు కలిపి ముగ్గురు, అంటే నెలకు 900 రియాళ్ళు, ఏడాదికి 10,800. 2020 జూలై నుంచి నెలకు 1,200 కాబోతోంది. ఇఖామా రెన్యువల్ చేయించేటప్పుడే ఇదంతా కట్టాలి. చాలా కుటుంబాల్లాగే వాళ్ళూ కూర్చుని లెక్క వేసుకున్నారు. సంక్రాంతికి వదిన, పిల్లలు ఇండియా వెళ్ళిపోవాలి, ఆయన ఒక్కడే ఇక్కడ ఉండాలి అని నిర్ణయించుకున్నారు.

వెళ్ళేముందు పిల్లలకు ఏదైనా కొనివ్వాలని ఆయన మనసు. అప్పుడే కొత్తగా బజారులోకి వచ్చిన నింటెండో స్విచ్ లైట్ తెచ్చాడు. చేతిలో బాగా ఇమిడే చిన్న యంత్రం. ధర కూడా పెద్ద స్విచ్ కంటే తక్కువ. "టీవీకి కలుపుకోవచ్చా?" అని అడిగితే దుకాణం కుర్రాడు "ఎందుకు కలవదు?" అని ఒక వైరు కూడా అమ్మాడట. ఒక వైపు టైప్-సి, ఇంకో వైపు హెచ్‌డీఎంఐ.

ఆ రాత్రి తలుపు కొట్టాడు. "తమ్మీ, గీ వైరు మంచిగనే కూసుంటున్నది. టీవీల బొమ్మ మాత్రం వస్తలేదు. నేనేమన్న తప్పు చేసిన్నా?" అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. స్విచ్ లైట్ అనేది టీవీకి కలిసే యంత్రమే కాదు. ఎంత మంచి వైరు పెట్టినా కలవదు. ఆ మాట ఆయనకు చెప్పాల్సి వచ్చింది. పిల్లలిద్దరూ వెనకాలే నిలబడి ఉన్నారు. చిన్నది ఒక్కటే తెర, ఆడేది ఒక్కరే, రెండోవాళ్ళు భుజం మీదుగా తొంగి చూడాలి. ఆయన కోరిక ఏమిటంటే, ఉన్న నాలుగు వారాలు నలుగురూ ఒక్కచోట కూర్చుని ఆడుకోవాలని. అంతే.

ఈ కథ తర్వాత ఏమైందో చివర్లో చెప్తాను. ఇప్పుడు అసలు సంగతి చూద్దాం. కన్నం సరిపోయింది, వైరు బిగిసింది, మరి బొమ్మ ఎందుకు రాలేదు?

మనకు ఇంట్లో ఒక అలవాటుంది. ప్లగ్ పడితే పనిచేస్తుందని నమ్ముతాం. నీళ్ళ గొట్టం బిగిస్తే నీళ్ళు రావాలి కదా అన్నట్టు. కానీ గొట్టం బిగించినంత మాత్రాన నీళ్ళు రావు, అవతల ట్యాంకులో నీళ్ళుండాలి. టైప్-సి కన్నం కూడా అలాంటిదే. ఆ కన్నం ఆకారం ఒకటే. దాని వెనక ఏమేం కలిపారన్నది ఆ యంత్రం తయారుచేసినవాళ్ళ ఇష్టం. కొందరు చార్జింగ్ మాత్రమే ఇస్తారు. కొందరు చార్జింగ్‌తో పాటు ఫైళ్ళు పంపుకోవడానికి దారి ఇస్తారు. కొందరు మాత్రమే బొమ్మ బయటికి పంపే ఏర్పాటు కూడా చేస్తారు.

టైప్-సి కనెక్టరులో 24 పిన్నులుంటాయి. బొమ్మ పంపగలిగిన యంత్రాల్లో, వాటిలో కొన్ని పిన్నులను అవసరమైనప్పుడు వీడియోకి కేటాయిస్తారు. ఈ పద్ధతిని డిస్‌ప్లేపోర్ట్ ఆల్టర్నేట్ మోడ్ అంటారు. 2014లో వచ్చింది. టీవీకి మాత్రం కావలసింది హెచ్‌డీఎంఐ భాష. కాబట్టి మధ్యలో ఒక చిన్న చిప్ కూర్చుని దుబాసీ పని చేస్తుంది, డిస్‌ప్లేపోర్ట్‌లో వచ్చినదాన్ని హెచ్‌డీఎంఐగా మార్చి టీవీకి ఇస్తుంది. మా పక్కింటాయన కొన్న వైరులో ఆ దుబాసీ ఉన్నాడు. కానీ అవతల మాట్లాడేవాడే లేడు! యంత్రం బొమ్మను బయటికి పంపడమే లేదు. ఇక దుబాసీ ఏం చేస్తాడు?

మీ చేతిలోని ఫోనుకు కూడా ఇదే సూత్రం. టైప్-సి ఉన్న ప్రతి ఫోనూ వైరుతో టీవీకి కలవదు. చాలా ఫోన్లలో ఆ కన్నం చార్జింగుకీ, ఫైళ్ళకీ మాత్రమే. వైరు కొనేముందు ఫోను వివరాల్లో వీడియో అవుట్‌పుట్ ఉందా అని చూసుకోండి.

ఇక ఒక్కొక్క రకం యంత్రం గురించి చెప్పుకుందాం. కాగితం, కలం దగ్గర పెట్టుకుంటే మంచిది.

మొదట నింటెండో స్విచ్. 2017 మార్చిలో వచ్చింది. దీంతో పాటు పెట్టెలో డాక్ అనే ప్లాస్టిక్ స్టాండు వస్తుంది. ఇందాక చెప్పిన దుబాసీ చిప్ అందులోనే ఉంటుంది. చేతిలో ఉన్నప్పుడు దీని తెర 720 గీతల బొమ్మ చూపిస్తుంది. డాక్‌లో పెడితే టీవీకి 1080 గీతల వరకూ పంపుతుంది. 2021లో వచ్చిన ఓఎల్ఈడీ మోడల్ కూడా ఇలాగే డాక్‌తో వస్తుంది. తెర కాస్త పెద్దది, 7 అంగుళాలు.

కలిపే వరుస ఇది. డాక్ వెనక మూత తీయండి. ముందు చార్జరును డాక్‌కి గుచ్చండి. తర్వాత హెచ్‌డీఎంఐ వైరు ఒక కొస డాక్‌కి, రెండో కొస టీవీకి. చార్జరును గోడ సాకెట్లో పెట్టండి. ఆ తర్వాత యంత్రాన్ని డాక్‌లోకి దించండి. టీవీ రిమోట్‌లో సోర్స్ అనే బటన్ నొక్కి, వైరు ఏ నంబరు కన్నంలో పెట్టారో ఆ హెచ్‌డీఎంఐ ఎంచుకోండి. బొమ్మ రాకపోతే పదిమందిలో ఏడుగురి దగ్గర నేను చూసిన కారణం ఒకటే, చార్జరు. ఫోను చార్జరు పెట్టి ఉంటారు. ఈ డాక్‌కి 15 వోల్టులు, 2.6 ఆంపియర్లు, అంటే 39 వాట్లు ఇచ్చే చార్జరు కావాలి. ఫోను చార్జరుతో యంత్రం నెమ్మదిగా చార్జ్ అవుతుంది గానీ టీవీకి బొమ్మ పంపదు. దానితో వచ్చిన చార్జరే వాడండి.

ఇంకో జాగ్రత్త. చవగ్గా దొరికే వేరే కంపెనీల డాక్‌లు చాలా ఉన్నాయి. కొన్ని బాగానే పనిచేస్తాయి. అయితే 2018లో స్విచ్‌కి ఐదో నంబరు సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు, అలాంటి డాక్‌లు వాడినవాళ్ళలో కొందరి యంత్రాలు మళ్ళీ లేవకుండా పడుకున్నాయి. కరెంటు ఎంత ఇవ్వాలన్న బేరం యంత్రానికీ డాక్‌కీ మధ్య సరిగా కుదరకపోతే వచ్చే ఇబ్బంది అది. డాక్ దగ్గర కొద్ది డబ్బు ఆదా చేసి, యంత్రం మొత్తం పోగొట్టుకోవడం ఎందుకు?

రెండోది స్విచ్ లైట్. ఇందాకే చెప్పాను. 2019 సెప్టెంబరులో వచ్చింది. టీవీకి కలవదు. డాక్‌లో పట్టదు, వైరుతో రాదు. ఒక్కరే ఆడుకోవడానికైతే మంచి యంత్రం. ఇంట్లో అందరూ ఆడాలంటే మాత్రం ఇది కాదు. రెండింటి పేర్లూ దగ్గరగా ఉండడంతో ఈ పొరపాటు జరుగుతుంది. పెట్టె మీద డాక్ బొమ్మ ఉందా, టీవీ బొమ్మ ఉందా చూడండి. లేకపోతే దుకాణం వాడు ఏం చెప్పినా వినకండి.

మూడోది స్విచ్ 2. 2025 జూన్ 5న వచ్చింది. దీని డాక్ టీవీకి 4కె బొమ్మ కూడా పంపగలదు. కానీ పాత స్విచ్ డాక్ దీనికి పనిచేయదు, పాత చార్జరుతో టీవీలో ఆడడం కుదరదు. దీనితో వచ్చిన డాక్, చార్జరు, హెచ్‌డీఎంఐ వైరు మూడూ ఒక జట్టుగా ఉంచుకోండి. ఇంట్లో పాతవీ కొత్తవీ కలిసిపోతే వైరుకో కాగితం ముక్క అంటించి పేరు రాసుకోండి. నేనలాగే చేస్తాను.

నాలుగోది స్టీమ్ డెక్. 2022లో వచ్చింది. నిజానికిది చేతిలో పట్టే చిన్న కంప్యూటరు. దీని టైప్-సి కన్నం బొమ్మను బయటికి పంపుతుంది. దీనికోసమని ప్రత్యేకమైన డాక్ ఉంది గానీ, లాప్‌టాప్‌లకు వాడే మంచి టైప్-సి హబ్ అయినా సరిపోతుంది. అందులో హెచ్‌డీఎంఐ కన్నం, చార్జరు గుచ్చే టైప్-సి కన్నం రెండూ ఉండాలి. దీని చార్జరు 45 వాట్లు. హబ్ కూడా కొంత కరెంటు తినేస్తుంది కాబట్టి అంతకంటే తక్కువ చార్జరు పెడితే ఆడుతూండగానే బ్యాటరీ తగ్గిపోతుంది.

ఐదోది పాత తరం, సోనీవారి ప్లేస్టేషన్ పోర్టబుల్. అందరూ పీఎస్పీ అంటారు. ఇప్పుడు తయారీ లేదు. కానీ మన ఇళ్ళల్లో అటకల మీద ఇంకా ఉన్నాయి. గల్ఫ్ నుంచి ఒకప్పుడు తెగ తెచ్చేవారు. నా దగ్గరా ఒకటి ఉండేది, హైదరాబాదులో నా మొదటి జీతంతో కొన్నది. వీటిలో తేడాలున్నాయి, జాగ్రత్తగా వినండి.

మొట్టమొదటి పీఎస్పీ, అంటే 1000 నంబరుది, 2004లో జపానులో వచ్చింది. అది టీవీకి కలవదు. 2007లో సన్నగా వచ్చిన 2000 నంబరుది కలుస్తుంది. కానీ దాంట్లో ఒక మెలిక. పసుపు, తెలుపు, ఎరుపు జాకులున్న మామూలు ఏవీ వైరు పెడితే మెనూ, సినిమాలు వస్తాయి, ఆటలు మాత్రం రావు. ఆటలు రావాలంటే ఆకుపచ్చ, నీలం, ఎరుపు జాకులున్న కాంపొనెంట్ వైరు కావాలి. 2008లో వచ్చిన 3000 నంబరుది మామూలు ఏవీ వైరుతో కూడా ఆటలు చూపిస్తుంది. మీ యంత్రం నంబరు ఏదో వెనక వైపు రాసి ఉంటుంది, చూసుకుని వైరు కొనండి.

వైరు పెట్టగానే పీఎస్పీలో బొమ్మ తనంతట తాను టీవీకి వెళ్ళదు. తెర కింద తెర గుర్తు ఉన్న చిన్న బటన్ ఉంటుంది. మామూలుగా వెలుగు పెంచడానికి నొక్కేది. దాన్ని ఐదు సెకన్లకు పైగా నొక్కి పట్టుకోవాలి. అప్పుడు చేతిలో తెర ఆరిపోయి టీవీలో బొమ్మ వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక వైరు పాడైందని పారేసినవాళ్ళు నాకు తెలుసు.

ఆటలు టీవీలో చిన్నగా, చుట్టూ నల్లటి అంచుతో వస్తాయి. భయపడకండి. పీఎస్పీ తెరలో అడ్డంగా 480 చుక్కలు, నిలువుగా 272 చుక్కలు. అది పంపే టీవీ బొమ్మ 720 అడ్డం, 480 నిలువు. ఆటను సాగదీయకుండా మధ్యలో పెడుతుంది కాబట్టి వెడల్పులో మూడింట రెండు వంతులే నిండుతుంది. టీవీ రిమోట్‌లో జూమ్ ఉంటే పెంచుకోవచ్చు.

ఈ చేతి యంత్రాన్ని టీవీకి కలపాలనే ఆశ ఇవాళ్టిది కాదు సుమండీ. 1994లో నింటెండో వాళ్ళు సూపర్ గేమ్ బాయ్ అని తెచ్చారు. గేమ్ బాయ్ కార్డును అందులో పెట్టి, దాన్ని టీవీకి కలిసే పెద్ద యంత్రంలో గుచ్చితే చిన్న ఆట పెద్ద తెర మీద వచ్చేది. 1995లో సెగా వాళ్ళ నోమాడ్ అనే చేతి యంత్రానికి టీవీకి కలిపే కన్నమే ఉండేది. ఎవరి చేతిలో వాళ్ళు ఆడుకునేలా తయారుచేసిన వస్తువును మళ్ళీ నలుగురి మధ్యకు తేవాలని జనం ముప్పై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నారు.

ఇప్పుడు టీవీ వైపు చూద్దాం. కొత్త టీవీల్లో పసుపు, తెలుపు, ఎరుపు కన్నాలు తగ్గిపోయాయి. కొన్నింటిలో అసలు లేవు, హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటుంది. అప్పుడు పాత పీఎస్పీని ఎలా కలపాలి? మార్పిడి డబ్బా ఒకటి కావాలి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఇక్కడ రెండు మోసాలున్నాయి.

ఒకటి, ఒక వైపు హెచ్‌డీఎంఐ, ఇంకో వైపు మూడు రంగుల జాకులు ఉన్న ఉత్త వైరు. డబ్బా ఏమీ ఉండదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చవగ్గా వస్తుంది, పనిచేయదు. ఏవీ అనేది అనలాగ్ సిగ్నల్, హెచ్‌డీఎంఐ డిజిటల్. మార్చే చిప్ లేకుండా ఉత్త రాగి తీగ ఆ పని చేయలేదు. రెండు, డబ్బాలు రెండు రకాలు. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది ఒకటి, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది ఇంకోటి. రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. పాత యంత్రం, కొత్త టీవీ అయితే మనకు మొదటిది కావాలి. డబ్బా మీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఎటువైపు రాసి ఉందో చూడండి. మొదటిసారి నేనే తలకిందులుగా కొని తెచ్చుకున్నాను! ఈ డబ్బాకి విడిగా యూఎస్‌బీ కరెంటు కూడా ఇవ్వాలి, మర్చిపోకండి.

బొమ్మ వచ్చింది కానీ బటన్ నొక్కిన కాసేపటికి గాని బండి తిరగట్లేదా? అది యంత్రం లోపం కాదు. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ ఆలస్యం చేస్తుంది. సెకనుకు 60 బొమ్మలు మారే ఆటలో పదో వంతు సెకను ఆలస్యమంటే ఆరు బొమ్మలు వెనకబడ్డట్టు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటుంది, పెట్టండి. మెరుగులు తగ్గి వేగం వస్తుంది. బొమ్మ అంచులు తెగిపోతే టీవీలో స్క్రీన్ ఫిట్ అనో, జస్ట్ స్కాన్ అనో ఉంటుంది, అది ఎంచుకోండి.

ఇక కరెంటు సంగతి. గల్ఫ్ నుంచి సామాను తెచ్చుకునేవాళ్ళు ఇది తప్పక వినాలి. మన దేశంలో ఇళ్ళకు 230 వోల్టులు. సౌదీలో చాలాకాలం ఇళ్ళల్లో 127 వోల్టులు, 220 వోల్టులు రెండూ ఉండేవి. 230కి మారాలని 2010లో నిర్ణయించారు. పాత బిల్డింగుల్లో ఇంకా రెండు రకాల సాకెట్లూ కనిపిస్తాయి. కాబట్టి ఇక్కడ 110 వోల్టుల కోసమే చేసిన వస్తువులూ చాలా అమ్ముడుపోయాయి. మా బిల్డింగులోనే ఒకాయన 110 వోల్టుల రైస్ కుక్కరు కొని సెలవుల్లో ఊరికి తీసుకెళ్ళి పెట్టాడు. అన్నం ఉడకలేదు గాని కుక్కరు ఉడికిపోయింది! వోల్టేజి రెట్టింపైతే అలాంటి వస్తువులో వేడి నాలుగింతలవుతుంది మరి.

గేమ్ యంత్రం చార్జరు మీద చిన్న అక్షరాలతో ఇన్‌పుట్ అని రాసి ఉంటుంది. అక్కడ 100-240 అని ఉంటే ఏ దేశంలోనైనా వాడొచ్చు. పెద్ద కంపెనీల చార్జర్లు చాలావరకూ ఇలాగే ఉంటాయి. ఉత్త 100 అనో, 110 అనో, 120 అనో ఉంటే మన సాకెట్లో పెట్టకండి. ఇక్కడి ప్లగ్గుకు మూడు బల్లపరుపు పిన్నులు, మనవి గుండ్రటివి. పిన్నుల ఆకారం మార్చే సాకెట్ ముక్క దొరుకుతుంది. కానీ అది ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని కాదు. ఈ రెండింటినీ కలిపేసుకోవద్దు.

ఇప్పుడు మా పక్కింటి కథ పూర్తి చేస్తాను.

ఆ రాత్రి ఆయన ముఖం చూశాక నాకు నిద్ర పట్టలేదు. పెట్టె తీసి నా పాత పీఎస్పీ బయటకు తీశాను. అదృష్టం కొద్దీ అది 3000 నంబరుది. ఏవీ వైరు కూడా ఉంది. మర్నాడు శుక్రవారం. వాళ్ళింట్లో టీవీకి కలిపాం. బటన్ నొక్కి పట్టుకున్నాను. నల్లటి అంచు మధ్యలో చిన్నగా కారు బొమ్మ వచ్చింది. పిల్లలు గంతులేశారు. వదిన వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి చూసింది. ఆయన కూడా ఆడాడు, పది సెకన్లలో గోడకు గుద్దేశాడు. వంతులు వేసుకుని నలుగురూ సాయంత్రం దాకా ఆడారు. సంక్రాంతికి వాళ్ళు వెళ్తుంటే ఆ పీఎస్పీ పిల్లలకే ఇచ్చేశాను.

ఆ తర్వాత రెండు నెలలకే కరోనా వచ్చింది. 2020 మార్చిలో రెండు దేశాలూ విమానాలు ఆపేశాయి. ఆయన ఇక్కడ, వాళ్ళు జగిత్యాలలో. ఒక రోజు ఆయన ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అవతల పెద్దబ్బాయి, తొమ్మిదేళ్ళవాడు. "బాబాయ్, తాత వాళ్ళ టీవీల బొమ్మ నల్లగా తెల్లగా వస్తున్నది, రంగులు లేవు" అన్నాడు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, కొత్త వైరు దొరకదు. టీవీ వెనక ఫోటో తీసి పంపమన్నాను. వాట్సాప్‌లో వచ్చింది. చూస్తే పసుపు కన్నం విడిగా లేదు. ఆకుపచ్చ కన్నం చుట్టూ పసుపు గీత ఉంది. అంటే ఆ ఒక్క కన్నం రెండు పనులకూ వాడుకోవాలి. వాడు పసుపు జాకును సరైన చోటే పెట్టాడు. కానీ రిమోట్‌లో సోర్స్ కాంపొనెంట్ అని పెట్టి ఉంది. అలా పెడితే టీవీ వెలుగునీడలనే చదువుతుంది, రంగులను వదిలేస్తుంది. సోర్స్‌ను ఏవీకి మార్చమన్నాను. అవతల ఒక్క కేక! "నాన్నా, రంగులొచ్చినయ్!" అని. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఫోను చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకున్నాడు.

ఆయన ఊరికి వెళ్ళడానికి ఏడాదికి పైగా పట్టింది. వెళ్ళేటప్పుడు ఈసారి డాక్ ఉన్న స్విచ్చే కొన్నాడు. పెట్టె తిప్పి తిప్పి చూశాడు, చార్జరు మీద 100-240 చదివాడు, పిన్నుల సాకెట్ విడిగా కొన్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఉన్న నలభై రోజులూ పిల్లలతో కూర్చుని ఆడానని వచ్చాక చెప్పాడు. ఇప్పటికీ కుటుంబం అక్కడే, ఆయన ఇక్కడే. శుక్రవారం మా మధ్యాహ్నం పిల్లలకు సాయంత్రమవుతుంది, రెండున్నర గంటల తేడా కదా. వాళ్ళు ఆడుతూ ఉంటారు, ఈయన ఫోనులో ఎవరు గెలుస్తున్నారో వింటూ ఉంటాడు.

చివరగా మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. యంత్రం టీవీకి బొమ్మ పంపగలదా అని పేరు, నంబరు చూసి తెలుసుకోండి. మీ టీవీకి ఏ కన్నాలున్నాయో ఇంట్లో ఫోటో తీసుకుని దుకాణానికి వెళ్ళండి. చార్జరు మీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ అంకెలు చదవండి. ఈ మూడూ అయ్యాకే డబ్బు తీయండి.

మొన్న బజారులో మా పక్కింటాయన ఒక కొత్త కుర్రాడికి ఇదే చెప్తున్నాడు. ఊరికి గేమ్ తీసుకెళ్తాడట. "ముందుగాల డబ్బా మీద ఏం రాసిందో సదువు తమ్మీ, పైసలు అటెన్క తియ్యి" అన్నాడు. ఇంతసేపూ నేను చెప్పిందాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు!

ఉంటానండీ. మళ్ళీ కలుద్దాం. నమస్కారం.